మా పాత ఇల్లు ఎంత పాతది?

మా ఊళ్ళో మా ఇల్లు పడగొట్టి కొత్తది కడుతున్నారు. కట్టేది మా నాన్న, వద్దన్నది నేను. రెండు నెలల పాటు ఫోన్లో ఇదే గొడవ. హైదరాబాదులో ఐదో అంతస్తు ఫ్లాటులో కూచుని "మండువా లోగిలి నాన్నా, ఇలాంటివి ఇప్పుడు వెతికినా దొరకవు, మన సంప్రదాయం, మన పెద్దవాళ్ళ తెలివితేటలు.." అని నేను మొదలుపెట్టేవాణ్ణి. "అయితే ఉద్యోగం మానేసి వచ్చి ఇందులో ఉండు, నేను కట్టడం ఆపేస్తా" అని ఆయన ఒక్క ముక్కలో ముగించేవారు.

దీనికి నా దగ్గర సమాధానం లేదు. సరే, పడగొట్టే ముందు ఓ వారం సెలవు పెట్టి వెళ్ళి ఆ ఇంటి చరిత్రంతా రాసిపెడదాం, కాగితమ్మీదైనా మిగులుతుంది అనుకున్నా. తీరా తవ్వడం మొదలుపెట్టాక నా వాదనే తలకిందులైంది. ఎలాగో చెప్తా, కాస్త పొడుగు కథ, ఓపిక పట్టండి :)

మా ఊరు గుడివాడకీ బందరుకీ మధ్య. ముందు ఇల్లెలా ఉండేదో చెప్పాలి. నడిమధ్యన ఆకాశం కనిపించే నలుచదరపు జాగా, అదే మండువా. దాని చుట్టూ వసారా, వసారా వెనక గదులు. నాలుగు వైపుల కప్పులూ లోపలికి వాలి ఉంటాయి. వాన పడితే ఆ నీళ్ళన్నీ మండువాలో పడి తూములోంచి వీధి కాలవలోకి పోతాయి. పైన పెంకులు, పెంకుల కింద టేకు రీపర్లు, వాసాలు, దూలాలు. మండువా చుట్టూ పన్నెండు టేకు స్తంభాలు. గోడలు అడుగున్నర మందం. చిన్నప్పుడు ఎండాకాలం సెలవుల్లో మధ్యాహ్నం పూట వసారాలో నాపరాళ్ళ మీద బోర్లా పడుకునేవాళ్ళం. కింద రాయి చల్లగా, పైన గాలి చల్లగా.. నిజం ఒప్పుకోవాలంటే నా సంప్రదాయం గోలంతా ఆ చల్లదనం దగ్గర మొదలైందే.

ఇంటి వయసు మీద మా ఇంట్లో ఎవరికీ అనుమానం లేదు. 1865. వచ్చిన ప్రతి చుట్టానికీ నాన్న చెప్పే లెక్క అదే, అంతకుముందు తాతయ్య చెప్పిందీ అదేనట. సాక్ష్యం కూడా ఉంది. ఏ పెంకు తీసి తిరగేసినా వెనక ఇంగ్లీషు అక్షరాల్లో బాసెల్ మిషన్ టైల్ వర్క్స్ అనీ, 1865 అనీ అచ్చు కనిపిస్తుంది. ఇంకేం కావాలి?

ఈ బాసెల్ మిషన్ ఏమిటో చూద్దామని కూచుంటే మొదటి రోజే ఆ లెక్క కొట్టుకుపోయింది. 1865 మా ఇల్లు కట్టిన సంవత్సరం కాదు, మంగుళూరులో ఆ ఫ్యాక్టరీ పెట్టిన సంవత్సరం! ఆ తర్వాత దశాబ్దాల్లో చేసిన పెంకుల మీద కూడా అదే అచ్చు వేసేవాళ్ళు. హోటలు బోర్డు మీద "స్థాపితం" అని రాసిన సంవత్సరం చూసి, లోపల పెట్టిన ఇడ్లీ కూడా అప్పటిదే అనుకున్నట్టుంది మా వాళ్ళ వ్యవహారం.

మరి అసలు సంవత్సరం? నాయనమ్మ భోషాణం అడుగున మా ముత్తాతగారి పద్దు పుస్తకం దొరికింది. సగం చెదలు తినేశాయి. మిగిలిన సగంలో "పరీధావి నామ సంవత్సర మాఘ మాసము" అని గృహప్రవేశం రాసుంది. చిక్కేమిటంటే మన తెలుగు సంవత్సరాలు అరవయ్యేళ్ళకోసారి తిరిగొస్తాయి కదా. పరీధావి 1852లోనూ వచ్చింది, 1912లోనూ వచ్చింది, 1972లోనూ వచ్చింది. 1852లో ఆ పెంకుల ఫ్యాక్టరీయే లేదు. 1972 నాటికి మా నాన్న ఆ ఇంట్లోనే పలకా బలపం పట్టుకు తిరుగుతున్నారు. కాబట్టి 1912లో మొదలైన పరీధావి, అందులో మాఘం అంటే 1913 ఫిబ్రవరి ప్రాంతం. ఇంజనీరింగు డిగ్రీ మా ఇంటికి ఉపయోగపడ్డ సందర్భాల్లో ఇదొకటి. ఇంటి వయసు ఒక్కసారిగా 48 ఏళ్ళు తగ్గిపోయిందని చెప్తే నాన్న సాయంత్రం దాకా నాతో మాట్లాడలేదు.

ఆ పద్దులు చదువుతుంటే ఇంకో సంగతి తెలిసింది. మంగుళూరు పెంకులు 4,200. రంగం టేకు దూలాలు, స్తంభాలు. బెజవాడ నుంచి పడవ కూలి. గుల్ల సున్నం. గానుగ ఎద్దుల కూలి. బెల్లం, కరక్కాయలు. ఈ చివరి మూడు నాలుగూ తప్పిస్తే ఇందులో మా ఊరిదేది? నేను "మన సంప్రదాయం" అని మురిసిపోతున్న ఇంట్లో ఖరీదైన సామానంతా ఎక్కడెక్కడి నుంచో దిగుమతి అయిందే.

పెంకుల సంగతే చూడండి. ఒకదానిలో ఒకటి ఇరుక్కునే ఈ రకం పెంకుకి 1841లో పేటెంటు తీసుకున్నది గిలార్డోనీ అనే అన్నదమ్ములు, అల్సాస్‌లోని ఆల్ట్‌కిర్క్ అనే ఊళ్ళో. ఇప్పుడది ఫ్రాన్సులో ఉంది. స్విట్జర్లాండులోని బాసెల్ అక్కడికి దగ్గరే. ఆ బాసెల్ నుంచి బయల్దేరిన క్రైస్తవ మిషనరీలు 1834లో మంగుళూరులో దిగారు. మతం మారినవాళ్ళని అప్పట్లో కులమూ కుటుంబమూ వెలివేసేవి, కులవృత్తీ పొలమూ పోయేవి. వాళ్ళకి కూడు పెట్టాలి కాబట్టి మిషన్ వాళ్ళు అచ్చాఫీసు, నేత, ఆ తర్వాత పెంకుల పని పెట్టారు. నేత్రావతి, గురుపుర నదుల దగ్గరి బంకమట్టి పెంకుకి బ్రహ్మాండంగా పనికొస్తుందని గమనించి 1865లో ఫ్యాక్టరీ మొదలుపెట్టింది జార్జ్ ప్లెబ్స్ట్ అనే జర్మన్. (అన్నట్టు ఈ మిషన్ వాళ్ళు గట్టివాళ్ళే. మొదటి కన్నడ పత్రిక 1843లో వేసిందీ, కన్నడానికి కిట్టెల్ నిఘంటువు, మలయాళానికి గుండర్ట్ నిఘంటువు ఇచ్చిందీ వీళ్ళే. ఆ గుండర్ట్ కూతురి కొడుకే "సిద్ధార్థ" నవల రాసిన హెర్మన్ హెస్సే. మా ఇంటి కప్పు నుంచి నోబెల్ బహుమతి దాకా దారి ఉందని ఎవరనుకుంటారు!)

ఈ పెంకు రాకముందు మా ప్రాంతంలో ఉన్నవాళ్ళకి గూన పెంకు, లేనివాళ్ళకి తాటాకు. గూన పెంకు కుమ్మరి చేసేవాడు. సారె మీద గొట్టంలా లాగి, పచ్చిగా ఉండగానే నిలువునా రెండుగా కోసి, ఆరబెట్టి ఆవంలో కాల్చేవాడు. ఒకదాని మీద ఒకటి ఊరికే పరచడమే, పట్టు ఉండదు. పిల్లి నడిచినా జరిగిపోతాయి. ఏటా వానాకాలం ముందు మొత్తం తీసి తిరగవేయించాలి. ఈ పనికే కుమ్మరికి ఏడాదికింత ధాన్యం మేర ఇచ్చేవాళ్ళు. మంగుళూరు పెంకు అలా కాదు, అంచుల్లో గాడి ఉంటుంది, రీపరుకి తగులుకుని కూచుంటుంది. చదరపు మీటరుకి పదిహేను చాలు. ఆ లెక్కన మా 4,200 పెంకులు 280 చదరపు మీటర్ల కప్పు. ఒక్కోటీ రెండున్నర కిలోలనుకున్నా పది టన్నుల పైనే బరువు. అంత బరువూ పడమటి సముద్రం ఒడ్డు నుంచి బెజవాడ దాకా వచ్చి, అక్కడ్నుంచి బందరు కాలవలో పడవ మీద దిగింది.

ఇల్లు కట్టిన మూడేళ్ళకి పద్దు పుస్తకంలో కుమ్మరి మేర సగానికి తగ్గింది. కుండలకి తప్ప పెంకుకి అతనితో పనిలేకపోయింది మరి. మా ఊళ్ళో కుమ్మరి వీధి అని పేరు ఇప్పటికీ ఉంది, సారె మాత్రం నేను పుట్టాక చూడలేదు. మంగుళూరులో వృత్తి పోయినవాళ్ళకి పని కల్పించిన పెంకు మా ఊళ్ళో ఇంకొకరి వృత్తి తీసేసింది. చేతివృత్తుల గురించి కళ్ళనీళ్ళు పెట్టుకునే మాలాంటివాళ్ళం ఇలాంటి ఇళ్ళ ముందు నిలబడే ఫొటోలు దిగుతుంటాం.

అసలు ఒక మామూలు రైతుకి 1913లో ఇంత ఇల్లెలా వచ్చిందని ఎవరికైనా అనుమానం రావాలి. డబ్బు ఆనకట్టది. 1832-33 నాటి నందన కరువు కృష్ణకి అవతల గుంటూరు ప్రాంతాన్ని తుడిచిపెట్టేసింది. పక్కనే నది పారుతున్నా నీళ్ళు పొలానికెక్కేవి కావు. కాటన్ పథకం ప్రకారం గోదావరికి ధవళేశ్వరం దగ్గర ఆనకట్ట 1852కి పూర్తయింది, కృష్ణకి బెజవాడ దగ్గరది 1855కి. కాలవలు వచ్చాయి, వరి వచ్చింది, ఆ కాలవల మీదే ధాన్యం అమ్మకానికి పోయింది, తిరుగు పడవల్లో సామాను వచ్చింది. మా ముత్తాత వాళ్ళ నాన్న మట్టిగోడల తాటాకింట్లోనే పుట్టి అందులోనే పోయాడట. అంటే మేం "అనాదిగా" అనుకునే మండువా లోగిలి మా వంశంలో సరిగ్గా ఒక్కసారి కట్టారు!

పైగా ఇదేదో తెలుగువాళ్ళందరి ఇల్లనుకోవడం ఇంకో భ్రమ. అనంతపురం వైపు వెళ్తే చౌడు మిద్దెలు. రాతిగోడల మీద దూలాలు, వాటి మీద చౌడు మట్టి మెత్తి చదునుగా చేసిన కప్పు. అక్కడ ఏడాదికి 550 మిల్లీమీటర్ల వాన, కాబట్టి సరిపోతుంది. మా వైపు దానికి దాదాపు రెట్టింపు పడుతుంది, ఆ మిద్దె ఇక్కడ కడితే రెండు వర్షాలకి నెత్తిన కూచుంటుంది. ఎవరి వానని బట్టి వాళ్ళ కప్పు, అంతే.

ఇక టేకు. రంగం అంటే రంగూన్. ఈ కాలం పిల్లలకి తెలియకపోవచ్చు గానీ మా తాతల తరంలో ఇల్లొదిలి పారిపోయినవాడు రంగం పోయాడనే అనుకునేవాళ్ళు. ఇంగ్లీషువాళ్ళు దిగువ బర్మాని 1852లో పట్టుకున్నారు. ఎగువ బర్మాని 1885లో పట్టుకున్నారు, ఆ యుద్ధానికి సాకే టేకు. బాంబే బర్మా ట్రేడింగ్ కార్పొరేషన్ అనే కంపెనీ లెక్కలు తప్పు చూపి దుంగలు తోలుకుపోతోందని రాజు తీబా జరిమానా వేశాడు, కంపెనీ వెనకాల సైన్యం వచ్చింది. రాజుని తీసుకొచ్చి మన రత్నగిరిలో పెట్టారు. 1916లో అక్కడే పోయాడు. అంటే మా ఇంటి దూలాలు ఎత్తే రోజుకి ఆ టేకు అడవుల రాజు ఈ దేశంలోనే ఖైదీగా బతికున్నాడన్నమాట.

టేకు ఇటు వచ్చింది, మనుషులు అటు వెళ్ళారు. కాకినాడ, విశాఖపట్నం రేవుల నుంచి వేలకి వేలమంది తెలుగు కూలీలు రంగం వెళ్ళి ఓడరేవులో మూటలు మోశారు, ధాన్యం మిల్లుల్లో పనిచేశారు, రిక్షాలు లాగారు. 1930 మేలో తెలుగు హమాలీలు కూలి పెంచమని సమ్మె చేస్తే బర్మావాళ్ళని పనిలోకి తీసుకున్నారు, సమ్మె తీరగానే వాళ్ళని వెళ్ళిపొమ్మన్నారు. దాంతో గొడవలు రేగి వీధుల్లో మనవాళ్ళని చంపారు. 1942లో జపానువాళ్ళు వచ్చినప్పుడు లక్షలమంది అడవులూ కొండలూ పట్టి నడుచుకుంటూ ఇండియాకి బయల్దేరారు, దారిలో ఎంతోమంది పోయారు.

ఇదంతా నేను నాయనమ్మకి చెప్తుంటే ఆవిడ మధ్యలో ఆపి, మా పొలం మూడు తరాలుగా చేస్తున్న కుటుంబం గురించి చెప్పింది. ఆ ఇంట్లో ఇప్పటి పెద్దాయనకి తాతయ్య వరసయ్యే ఒకాయన రంగం బియ్యం మిల్లులో పనికి వెళ్ళి 1942 తర్వాత మళ్ళీ కనిపించలేదట. ఉత్తరమూ లేదు, చావు కబురూ లేదు. కర్మ చెయ్యాలా వద్దా అని పదేళ్ళు చూశారట. నేను ఆ పన్నెండు స్తంభాలని చిన్నప్పట్నుంచీ కౌగిలించుకుని ఆడుకున్నాను, ఈ సంగతి మాత్రం ఇరవయ్యెనిమిదేళ్ళొచ్చాక ఇప్పుడు విన్నా.

కొసరు ఒకటి. మా గృహప్రవేశమైన ఏడాదిన్నరకి యుద్ధం వచ్చింది. 1914 సెప్టెంబరులో ఎమ్డెన్ అనే జర్మన్ ఓడ మద్రాసు మీద గుళ్ళు కురిపించి కిరసనాయిలు ట్యాంకులు తగలబెట్టింది. జర్మన్ మిషనరీలని నిర్బంధించారు, తర్వాత వాళ్ళ ఫ్యాక్టరీలు కామన్‌వెల్త్ ట్రస్ట్ చేతికి వెళ్ళాయి. మా ముత్తాత కాస్త ఆలస్యం చేసుంటే పెంకు మీద ఇంకో పేరుండేది.

మరి మా ఊరిదంటూ ఆ ఇంట్లో ఏముంది అంటే సున్నం. బందరు వైపు నుంచి వచ్చిన సముద్రపు గుల్లల్ని కాల్చి చేసిన గుల్ల సున్నం. గుండ్రంగా కాలవలా కట్టిన గానుగలో సున్నం, ఇసుక వేసి, రాతి చక్రాన్ని ఎద్దులతో తిప్పి మెత్తగా రుబ్బేవాళ్ళు. బెల్లం నీళ్ళు, కరక్కాయ నానబెట్టిన నీళ్ళు కలిపేవాళ్ళు. సిమెంటు నీళ్ళతో కలిసి గట్టిపడుతుంది, 28 రోజుల్లో దాని బలం చాలావరకు వచ్చేస్తుంది. సున్నానికి తొందర లేదు, గాలిలోని బొగ్గుపులుసు వాయువుని పీల్చుకుంటూ ఏళ్ళ తరబడి మెల్లగా రాయవుతుంది. మాది నల్లరేగడి నేల. వానకి ఉబ్బుతుంది, ఎండకి బీటలిస్తుంది, ఇల్లు మొత్తాన్నీ ఏటా కాస్త ఎత్తి దింపుతుంది. సిమెంటు గోడ ఆ కదలికకి చిట్లిపోతుంది. సున్నం గోడ కాస్త సర్దుకుంటుంది. 110 ఏళ్ళు నిలబడిందంటే అందుకే. మా మేస్త్రీని అడిగితే "మా తాత ఆడించేవాడండి గానుగ, మాకు రాదు" అన్నాడు. నిజంగా ఏడవాల్సిందేదన్నా ఉంటే ఇది. పెంకుల గురించి కాదు.

ఇంత చరిత్ర చదివాక కూడా నాకు ఒక ఆశ ఉండేది. నాయనమ్మ నా పక్షాన ఉంటుందని. పెళ్ళై వచ్చి డెబ్భయ్యేళ్ళు ఉన్న ఇల్లు కదా, పడగొడతామంటే ఏడుస్తుందని, దాంతో నాన్న మెత్తబడతారని. అడిగితే నా మొహం వైపు వింతగా చూసింది.

"ఎవరు చెప్పార్రా నీకు నాకీ ఇల్లంటే ఇష్టమని? ఎన్నిసార్లు ఊడ్చానో తెలుసా ఈ మండువా? వానొస్తే తడుస్తూ ఆ మూలనుంచి ఈ మూలకి అన్నం గిన్నెలు మోశాను. మీ తాతకి చల్లగాలి, నాకు వడగళ్ళు."

తర్వాత జాబితా మొదలైంది. ఏ గదిలో ఏ చోట ఏ గిన్నె పెట్టాలో వానాకాలంలో ఆవిడకి నిద్రలో కూడా తెలుసు. పెంకుల సందులోంచి తేళ్ళు పడేవి. ఈ పదేళ్ళుగా కోతుల మందలు వచ్చి పెంకులు విరగ్గొడుతున్నాయి, సర్దేవాడు దొరకడం లేదు. బయటున్న మూడు రోజులూ వసారాలో ఏ మూల కూచోవాలో చూపించింది, అక్కడే మా అత్తలు కూడా కూచున్నారు. నేను అదే మూలలో బోర్లా పడుకుని చల్లదనం అనుభవించేవాణ్ణి. అన్నిటికంటే ముఖ్యం, మరుగుదొడ్డి పెరటి చివర ఉంది. ఎనభయ్యేడేళ్ళ మనిషి రాత్రిపూట కర్ర పట్టుకుని చీకట్లో అంతదూరం నడవాలి. పోయినేడు జారిపడింది. నాకెవరూ చెప్పలేదు, లేదా చెప్పినా నేను వినలేదు.

1977 నవంబరు 19 గురించి కూడా ఆవిడే చెప్పింది. దివిసీమ ఉప్పెన గురించి మా వైపు వినని వాళ్ళుండరు, పదివేల మందికి పైగా పోయారు. మా ఊరికి సముద్రం రాలేదు గానీ గాలి వచ్చింది. తూర్పు వాలు మీది పెంకులు పేకముక్కల్లా లేచిపోయాయట. పిల్లలందరినీ ధాన్యం గదిలోకి తోసి తలుపుకి అడ్డంగా మంచం పెట్టి రాత్రంతా కూచున్నారట. తెల్లారి చూస్తే ఊళ్ళో తాటాకిల్లన్నది లేదు. చెక్కుచెదరంది బడి ఒక్కటే. దానికి స్లాబు ఉంది. సగం ఊరు ఆ బడిలో బతికింది. నేనేమో పల్లెటూళ్ళో అందరూ స్లాబు ఇళ్ళు కట్టడం పట్నం చూసి నేర్చుకున్న మోజు అనుకుంటున్నా ఇన్నాళ్ళూ! మా కృష్ణా జిల్లాకి ఈ భయం పాతది కూడా. 1864లో బందరు మీద ఉప్పెన వచ్చినప్పుడు ముప్ఫైవేల మంది పోయారంటారు.

మరి అప్పుడే ఎందుకు కట్టలేదు? తాతయ్య కట్టాలనే అనుకున్నారట. సిమెంటు దొరకలేదు. ఆ రోజుల్లో సిమెంటు ధరా పంపిణీ ప్రభుత్వం చేతిలో ఉండేవి, బస్తా కావాలంటే పర్మిటు కావాలి. మహారాష్ట్ర ముఖ్యమంత్రి అంతులే 1982 జనవరిలో పదవి పోగొట్టుకున్నది సిమెంటు కోటాల గొడవలోనే. తాతయ్య బందరు ఎన్నిసార్లు తిరిగారో నాయనమ్మకి లెక్కలేదు, చివరికి వచ్చిన బస్తాలు అరుగు మరమ్మత్తుకే చాలాయట. 1982లో కొంత, 1989లో పూర్తిగా ఆ కట్టడి ఎత్తేశారు. ఈ లోపల మా ఊళ్ళో వరసగా స్లాబు ఇళ్ళు లేచింది ఎక్కడో తెలుసా? కాలనీలో. 1979లో పెట్టిన రాష్ట్ర గృహనిర్మాణ సంస్థ ద్వారా, 1983 తర్వాత ఎన్టీఆర్ పక్కా ఇళ్ళ కింద. రంగం వెళ్ళి తిరిగిరాని మనిషి కుటుంబానికి అప్పుడొచ్చింది మొదటి గట్టి కప్పు. ఒకే గది, చిన్నదే. కానీ 1990 మే తుపానుకి వాళ్ళు హాయిగా పడుకున్నారు, మేం గిన్నెలు సర్దుకున్నాం.

నేను ఓడిపోయానని నాన్నకి చెప్పేశా. కానీ పూర్తిగా కాదు, స్లాబు మీద నాకు ఇంజనీరుగా (సాఫ్ట్‌వేరే అనుకోండి) కొన్ని అనుమానాలున్నాయి. మా బాబాయి పాతికేళ్ళ కిందట కట్టిన ఇంటి స్లాబు అప్పుడే పెచ్చులూడుతోంది. ఉప్పుగాలికి లోపలి ఇనుము తుప్పు పట్టి ఉబ్బుతుంది, ఉబ్బి కాంక్రీటుని తోస్తుంది. ఇంకొకటి, పగలంతా తాగిన ఎండని రాత్రంతా మన మీదకి వదులుతుంది. మండువాలో వేడిగాలి పైకి పోయేది, పెంకుల సందుల్లోంచీ పోయేది.

అప్పుడు లారీ బేకర్ గుర్తొచ్చాడు. ఇంగ్లండులో పుట్టి, 1945లో ఇండియా వచ్చి, 2007లో తిరువనంతపురంలో పోయేదాకా తక్కువ ఖర్చు ఇళ్ళు కట్టిన ఆర్కిటెక్టు. ఆయన బాగా వాడిన వాటిలో ఫిల్లర్ స్లాబు ఒకటి. స్లాబు మీద బరువు పడితే పై సగం నొక్కుకుంటుంది, కింది సగం సాగుతుంది. సాగే పని చేసేది ఇనుము, అక్కడి కాంక్రీటు ఎక్కువగా ఊరికే నింపుడు. ఆ నింపుడు బదులు చువ్వల మధ్య పాత పెంకులు జతలుగా పెట్టి పైన కాంక్రీటు పోస్తే సిమెంటు తగ్గుతుంది, బరువు తగ్గుతుంది, రెండు పెంకుల మధ్య ఉండిపోయిన గాలి వేడిని అడ్డుకుంటుంది. మా ఇంట్లో దింపిన పెంకుల్లో బాగున్నవి రెండువేల పైనే ఉన్నాయి!

మేస్త్రీ ససేమిరా అన్నాడు. "స్లాబులో పెంకులా? రేపు పడితే ఊళ్ళో నా పేరు పోద్దండి." సివిల్ చదివిన నా కాలేజీ స్నేహితుడొకడు డ్రాయింగు వేసిచ్చి, ఓ ఆదివారం వచ్చి దగ్గరుండి వివరించాడు. నాన్న రెండు రోజులు ఆలోచించి హాలు వరకూ ఒప్పుకున్నారు, మిగతా ఇల్లు మామూలు స్లాబే. అదే స్నేహితుడు నల్లరేగడిలో మామూలు పునాది వద్దని, రూర్కీలో సీబీఆర్ఐ వాళ్ళు ఇలాంటి నేలల కోసమే తయారుచేసిన, అడుగున గంటలా వెడల్పయ్యే పైల్స్ వేయమంటే మాత్రం నాన్న మారు మాట్లాడకుండా సరేనన్నారు. కనపడని ఖర్చుకి లేని అభ్యంతరం కనపడే పెంకుకి ఎందుకో నాకు ఇప్పటికీ అర్థం కాలేదు. పాత కలప కొనేవాళ్ళు వచ్చి టేకంతటికీ కలిపి పెద్ద మొత్తమే ఇస్తామన్నారు, నాన్న అమ్మలేదు. దూలాలు కోయించి ద్వారబంధాలు చేయించారు. నాలుగు స్తంభాలు ముందు వసారాకి. మిగతా పెంకులు గొడ్ల సావిడి మీదకి వెళ్ళాయి. మరుగుదొడ్డి నాయనమ్మ గదికి ఆనుకునే ఉంది, ఇల్లంతటికీ ముందుగా గీసింది అదే.

పోయిన నెల సెంట్రింగు విప్పారని వెళ్ళా. హాలు కప్పు చూస్తే తెల్లటి కాంక్రీటు గళ్ళల్లో ఎర్రటి పెంకుల వెనక భాగాలు, వాటి మీద అక్షరాలు. నాయనమ్మని కుర్చీలో కూచోబెట్టి తీసుకొచ్చారు. చాలాసేపు తలెత్తి చూసి, మేస్త్రీని ఒకటే అడిగింది.

"కారదుగా?"

"కారదు మామ్మగారూ."

అంతే, ఇంకేం మాట్లాడలేదు. ఆ సాయంత్రం గుడివాడ నుంచి ఎవరో చుట్టాలొచ్చారు. నాన్న వాళ్ళని హాల్లో నిలబెట్టి కప్పు చూపిస్తూ "1865 నాటి పెంకులండీ ఇవి" అంటున్నారు. నేను నోరు తెరవబోయి, నాయనమ్మ నా వైపు చూసిన చూపుకి ఊరుకున్నా.